ఐదు నల్ల రాకెట్లు

సోమవారం మధ్యాహ్నం రెండింటికి నా ఉద్యోగం ఊడే పరిస్థితి వచ్చింది. నాలుగింటికి కమిటీ మీటింగు. మధ్యలో ఉన్న ఆ రెండు గంటల్లో నేను తేల్చాల్సింది ఒక్కటే. ఐదు వేర్వేరు కంపెనీల రాకెట్లతో నలుగురు గట్టి ఆటగాళ్ళు రెండు రోజులు ఆడి, చివరికి ఐదూ ఒక్కలాగే ఉన్నాయని ఎలా చెప్పారు?

మా టెన్నిస్ క్లబ్బులో ఎనిమిది కోర్టులు. వాటికీ స్నానాల గదులకీ మధ్య ఒక చిన్న గది. అందులో తీగలు బిగించే మెషిను, త్రాసు, పొడవాటి బల్ల, గోడ నిండా కొక్కేలు. అదే రాకెట్ గది. మా నాన్న ముప్పై ఆరేళ్ళు ఆ గదిలో పనిచేశాడు. మూడేళ్ళ కిందట తాళం నా చేతికిచ్చి ఇంటికెళ్ళాడు. తాళానికి రెండో చెవి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. అడిగితే మర్చిపోయానంటాడు. రోజూ ఒకసారి వచ్చి చూసి వెళ్ళడం మాత్రం మర్చిపోడు.

అసలు గొడవ మోచేతులతో మొదలైంది. మా అమ్మాయిల టీములో పద్నాలుగు మంది. ఏడుగురికి మోచేతి నొప్పి. చేతికి మెత్తగా ఉండే రాకెట్ ఒకటి చూసి టీమందరికీ అదే ఇద్దామని కోచ్ మేడం పట్టుబట్టింది. ఐదు కంపెనీలు తలొకటి పంపాయి. ఏది మంచిదో కోర్టులో పోల్చి చెప్పే బాధ్యత సెక్రటరీగారు నా మీద పెట్టాడు. పెడుతూ ఒక మాట కూడా అన్నాడు. పని తిన్నగా జరిగితే సరే, తేడా వస్తే గదికి కమిటీ వేరే ఏర్పాటు చూసుకుంటుందట. ఆ వేరే ఏర్పాటుకి బజారులో ఆటవస్తువుల షాపుంది. అది సెక్రటరీగారి బావమరిదిది.

పైగా సంగతి ఎక్కడా పొక్కకూడదన్నాడు. కంపెనీ ఏజెంట్లు అప్పటికే గేటు దగ్గర చక్కర్లు కొడుతున్నారు. నేను ఇంట్లో కూడా నోరు విప్పలేదు. మా నాన్న నోట్లో నువ్వుగింజ నానదు.

పనిలో నేను లోపం చెయ్యలేదు. ఆటగాళ్ళు పేరు చూసి మోజుపడతారని ఐదింటికీ నల్లరంగు కొట్టాను. పిడి మీద తెల్లగా ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాను. అన్నిటికీ ఒకే రకం తీగ, ఒకే బిగువు. ఈ రోజుల్లో అందరూ ఒకరి అచ్చు చూసి ఒకరు పోస్తారు కాబట్టి, రంగు పడ్డాక ఐదూ కవలల్లా కనిపించాయి. చేతిలోకి తీసుకుంటే మాత్రం దేని దారి దానిదే. శుక్రవారం ఉదయం తూచి నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటోది 324 గ్రాములు, రెండోది 305, మూడోది 317, నాలుగోది 311, ఐదోది 320. ఒకటి తల బరువు, ఒకటి తోక బరువు.

తీగలు కుదురుకోవాలని వాటిని బల్ల మీద వరసగా పెట్టి, బంతుల కోసం ఊరి ఆ చివరకెళ్ళాను. బంతులన్నీ ఒకే డబ్బాలోవి కావాలని నా పట్టుదల. రావడానికి మూడు గంటలు పట్టింది. వచ్చేసరికి రాకెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సంచిలో సర్దాను. మళ్ళీ తూచలేదు. నేను చేసిన తప్పు అదే. తాళం వేసిన గదిలో రాకెట్లు బరువు పెరుగుతాయని ఎవరనుకుంటారు?

శని, ఆదివారాలు కోర్టులో నలుగురు ఆడారు. కోచ్ మేడం ఒకరు. టీము కెప్టెన్ ఒకతె, ఎడంచేత్తో ఆడుతుంది కాబట్టి అందరూ ‘ఎడంచెయ్యి’ అనే పిలుస్తారు. ఏం కొట్టినా తిరిగి పంపించే ‘గోడ’. కుర్రతనంలో కప్పులు గెలిచి ఇప్పుడు పళ్ళు పీకుతున్న డాక్టరు. ఒక్కో రాకెట్‌తో ఒక్కొక్కరు నలభై నిమిషాలు. గీత దగ్గర అట్టపెట్టెలు పెట్టి వాటికి గురి చూసి కొట్టడం, నెట్ దగ్గర ఆపడం, ఇరవై సర్వీసులు. సర్వీసు వేగం మెషిను చెబుతుంది. మిగతా నాలుగింటికి పదేసి మార్కులు: బలం, అదుపు, బంతి తిరగడం, చేతికి హాయి.

మొదటి రోజు మధ్యాహ్నానికే నాకు అనుమానం మొదలైంది. మూడోది వదిలి ఐదోది అందుకున్న గోడ, రెండు బంతులు కొట్టి, మారుస్తానని మార్చకుండా అదే ఇచ్చావేంటని నన్నడిగాడు. డాక్టరు అయితే రెండోదాన్నీ ఒకటోదాన్నీ వెనక దాచి ఎవరైనా చెప్పండి చూద్దామని పందెం కాశాడు. ఎవరూ చెప్పలేకపోయారు. ఆదివారం సాయంత్రం మార్కులు కూడితే నలభైకి అన్నీ ఇరవైతొమ్మిది దగ్గరే తచ్చాడుతున్నాయి. సర్వీసు వేగాల్లో తేడా గంటకి ఒక కిలోమీటరు.

సోమవారం భోజనాలయ్యాక సెక్రటరీగారు పిలిచాడు. ఆయన బల్ల ముందు బావమరిది కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

“ఒకే రాకెట్ ఐదు కొని రంగేశావని నేననను తల్లీ,” అన్నాడు సెక్రటరీగారు. “నేననను. కమిటీ అంటుంది.”

బావమరిది కప్పులోకి చూస్తూ నవ్వాడు. నేను బయటికొచ్చాను. కాళ్ళు వాటంతటవే రాకెట్ గదికి నడిచాయి.

తలుపు వేసి ఒకటోది త్రాసు మీద పెట్టాను. 331.

బుక్కులో 324 అని ఉంది. త్రాసు పాడైందేమోనని సున్నాకి తెచ్చి మళ్ళీ పెట్టాను. 331. రెండోది పెట్టాను. 331. మూడోది, నాలుగోది, ఐదోది. 331, 331, 331. కడ్డీ మీద నిలబెట్టి చూశాను. ఐదూ పిడి చివర నుంచి ముప్పై రెండున్నర సెంటీమీటర్ల దగ్గర తులతూగి నిలిచాయి. ఊపి చూశాను. కళ్ళు మూసుకుని ఊపి చూశాను. ఐదు సార్లూ ఒకే రాకెట్.

ఎవరో చెయ్యి పెట్టారు. అయితే చెడగొట్టడానికి పెట్టిన చెయ్యి కాదిది. చెడగొట్టేవాడు ఒకదాన్ని చెడగొడతాడు. ఐదింటిని అర గ్రాము తేడా లేకుండా కలపడు.

తల లోపలి అంచున వేలితో తడిమాను. తీగల రంధ్రాల మధ్య ఏదో సన్నగా తగిలింది. గోటితో గీకితే నల్లరంగు కింద సీసపు పట్టీ మెరిసింది. నా డబ్బాలో మిగిలిన రంగే పైన పూశారు. పిడి అడుగు మూత ఊడదీశాను. లోపల దూదిలో చుట్టిన సీసం, కదిలి చప్పుడు చెయ్యకుండా కుక్కి ఉంది. పట్టీ నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మూల పదునుగా ఉంటే ఏడాదికి లేస్తుంది, గుండ్రంగా ఉంటే రాకెట్ విరిగేదాకా లేవదు. ఈ మాట నాకు పన్నెండో ఏట చెప్పినవాడు ఒక్కడే.

టైము రెండున్నర.

మా ఇల్లు క్లబ్బు గేటుకి ఎదురుగా, మేడ మీద. నాన్న కిటికీ దగ్గర కూర్చుని విరిగిన గొడుగు ఊచకి తీగ చుడుతున్నాడు. శుక్రవారం గదికి వచ్చావా అని అడిగాను.

“వచ్చా. నువ్వు లేవు,” అన్నాడు తలెత్తకుండా. “సెట్టు బల్ల మీద పడేసి పోయావు. ఎవరమ్మా ఆ ప్లేయరు?”

ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది. పేర్లు కనపడని నల్లరంగు, పిడి మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. కంపెనీ ఒప్పందం లేని పెద్ద ఆటగాడు తన రాకెట్లని సరిగ్గా అలాగే పెట్టుకుంటాడు. అలాంటి సెట్టు మా గదికి వచ్చేది ఒక్క పనికే. ఐదింటినీ ఒక్కటిగా చెయ్యడానికి. ఆటలో ఒక తీగ తెగితే, రెండో రాకెట్ అందుకున్న చేతికి మారిన సంగతి తెలియకూడదు. నాన్న ముప్పై ఆరేళ్ళు చేసిన పని అదే.

“చేతిలోకి తీసుకుంటే ఒక్కటీ ఇంకోదానిలా లేదు,” నాన్న చెప్పుకుపోతున్నాడు. “ఒకే కంపెనీవాడు ఐదు రకాలుగా పోశాడు. ఇంత సిగ్గులేని కంపెనీని నా జన్మలో చూళ్ళేదు. నువ్వు వాటినలాగే ఇచ్చేస్తావేమోనని భయమేసింది. బరువు తీసెయ్యలేం కదా, పెంచడమే. ఒకటోదానికీ కాస్త వేసి, మిగతావాటిని దాని దగ్గరికి లాక్కొచ్చా. రెండున్నర గంటలు పట్టింది. కుదిరాయా?”

“కుదిరాయి నాన్నా.”

“నాలుగోది కుదర్లేదు,” అన్నాడు. “బరువు కుదిరింది. గుణం కుదర్లేదు. మిగతావి కొడితే దెబ్బ తిరిగి చేతికి చెబుతాయి. అది చెప్పదు, మింగేస్తుంది. సీసంతో గుణం మారదు కదా. ఆ ఒక్కటీ నాకు లొంగలేదు. ప్లేయరేమైనా అన్నాడా?”

అప్పుడు నిజం చెప్పాను. ప్లేయరు లేడనీ, అవి ఐదు కంపెనీలవనీ, ఏది ఎలా ఆడుతుందో పోల్చడానికి పెట్టుకున్నవనీ, రెండు రోజులు కోర్టులో ఆడించాననీ.

నాన్న గొడుగు కింద పెట్టాడు.

“ఐదు కంపెనీలా?”

“ఐదు.”

“కోచ్ మేడం ఆడిందా?”

“ఆడింది. గోడ ఆడాడు, డాక్టరు ఆడాడు. పందేలు కూడా కాశారు. ఒక్కరూ కనిపెట్టలేదు.”

తప్పు చేసినవాడిలా మొహం పెడదామని ఆయన గట్టిగానే ప్రయత్నించాడు. పెదవులు బిగించాడు, గడ్డం గోక్కున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. కుదర్లేదు. చెవుల దాకా వెలిగిపోతున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. వెలుగు ఠక్కున ఆరిపోయింది. నాలుగింటికి ఏం జరగబోతోందో చెప్పాను.

“దానికేముంది,” అన్నాడు నెమ్మదిగా. “నా మీద తోసెయ్. ముసలాడు, కళ్ళు సరిగ్గా కనపడవు, ఏదో కెలికి పాడుచేశాడని చెప్పు. నన్నెవరేం చేస్తారు?”

ఆ దారి సులువైంది. సెక్రటరీగారు కూడా జాలిపడి తలూపే మాట. గది తాళం మార్పించి, పరీక్ష మళ్ళీ పెట్టించి, నా ఉద్యోగం నాకిచ్చేవాళ్ళేమో. అయినా నాకు ఎక్కడలేని కోపమొచ్చింది.

“కళ్ళు కనపడనివాడు చేసే పనా అది?” అన్నాను. “పాడుచేశావని నా నోటితో చెప్పను. చెప్పులేసుకుని నాలుగింటికి రా.”

గదికి తిరిగొచ్చి మార్కుల కాగితాలు మళ్ళీ తీశాను. ఆదివారం నేను చూసింది మొత్తాలే. ఇప్పుడు ఒక్కో వరస విడిగా చూశాను. బలం కింద నాలుగోదానికి నలుగురూ అన్నిటికన్నా తక్కువేశారు. చేతికి హాయి కింద నలుగురూ అన్నిటికన్నా ఎక్కువేశారు. ఇక్కడ తగ్గింది అక్కడ పెరిగి మొత్తంలో కలిసిపోయింది. మోచేతి నొప్పితో ఆడిన ఎడంచెయ్యి అయితే మిగతావాటికి ఆరేసి, నాలుగోదానికి తొమ్మిది వేసింది. కింద పెన్సిలుతో రాసింది కూడా: ‘ఇది తిట్టదు’.

మామూలుగా అయితే బరువైన రాకెట్ బరువు వల్ల మెత్తగా అనిపిస్తుంది, తేలికది తేలిక వల్ల చురుగ్గా అనిపిస్తుంది. ఏది దేని గొప్పో విడదీయడం బ్రహ్మతరం కాదు. నాన్న బరువులన్నీ సమానం చేసి కూర్చున్నాడు. ఇక మిగిలింది రాకెట్ ఒంట్లో గుణం ఒక్కటే. మాకు కావలసిందీ అదే. నేను వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నా ఇంత శుభ్రమైన పరీక్ష పెట్టలేకపోయేదాన్ని.

నాలుగింటికి కమిటీ గదిలో ఐదుగురు సభ్యులు, సెక్రటరీగారు, కోచ్ మేడం, ఆమెతో ఆడిన మిగతా ముగ్గురు, పిలవని పేరంటంగా బావమరిది. నాన్న తలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నోటుబుక్కు చూపించాను. మళ్ళీ తూచకపోవడం నా తప్పేనన్నాను.

సెక్రటరీగారు చేతులు చాపాడు. “విన్నారుగా. రాకెట్ గదిలోకి ఎవరు పడితే వాళ్ళొచ్చి చెయ్యి పెడుతున్నారు.”

“ఎవరు పడితే వాళ్ళు కాదు సార్,” అన్నాను. “మా నాన్న.”

కోచ్ మేడం నమ్మలేదు. ఆవిడ చేతిని ఎవరో రెండు రోజులు ఆటపట్టించారంటే ఆవిడకి పట్టరాని కోపం. అక్కడే బల్ల మీద రెండోదాన్నీ ఐదోదాన్నీ మూతలు ఊడదీసి, పట్టీలు పీకి, సీసం కుప్పపోశాను. ఆవిడ రెండూ తీసుకుని తలుపు పక్కనున్న కోర్టులోకి నడిచింది. కమిటీ మొత్తం వెనకాలే వెళ్ళింది. ఎడంచెయ్యి అవతలి వైపు నుంచి బంతులు అందించింది. మేడం రెండోదాంతో నాలుగు కొట్టింది, ఐదోదాంతో నాలుగు కొట్టింది. కళ్ళు మూసుకుని, రెండూ కలిపి ఇమ్మంది. ఒకటి ఊపగానే “రెండు” అంది. ఇంకోటి ఊపగానే “ఐదు” అంది. ఒకటి ఈకలా, ఇంకోటి రోకలిలా ఉన్నాయట, చిన్నపిల్లకి కూడా తెలుస్తుందట.

తర్వాత సీసంతోనే ఉన్న ఒకటోదాన్నీ మూడోదాన్నీ అడిగింది. చాలాసేపు ఊపింది. కళ్ళు తెరిచింది. తలుపు దగ్గరున్న నాన్నని ఎగాదిగా చూసింది.

“ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నా మాస్టారూ,” అంది. “నా చేతిని నా ముందే వెర్రిదాన్ని చేశారు.”

“నాలుగోదాంట్లో దొరికిపోయానమ్మా,” అన్నాడు నాన్న. నిజంగా బాధపడుతూనే అన్నాడు.

కమిటీలో పెద్దాయనకి మార్కుల కాగితాలు చూపించి, హాయి వరస చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఎడంచెయ్యి రాసిన పెన్సిలు మాట రెండుసార్లు చదివాడు. టీముకి నాలుగోదే అన్నాడు. తర్వాత బావమరిది వైపు తిరిగి, మనిషికి రెండు చొప్పున ఇరవై ఎనిమిది రాకెట్లు వస్తాయి, ఒక్కో అమ్మాయి చేతికి తగ్గట్టు జతలు కలపాలి, మీ షాపులో ఈ పని చేస్తారా అని మర్యాదగా అడిగాడు. దానికి మెషిను తెప్పించాలని బావమరిది చెప్పాడు.

“మెషిను ఆ తలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది కదయ్యా,” అన్నాడు పెద్దాయన.

గది సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకపోయింది. ఎడంచెయ్యి మాత్రం నాన్న దగ్గరికి వెళ్ళి, తాతయ్యా నా పాత రెండూ ఒక్కలా లేవు, ఒకసారి చూస్తారా అని మొదలుపెట్టింది. వెనకాలే గోడ, గోడ వెనకాల డాక్టరు. ఇందాకటి దాకా తలవంచుకుని నిలబడ్డ మనిషి, ఆడవాళ్ళవి ముందు, మగవాళ్ళవి రేపు అని వరస పెడుతున్నాడు. గది నాదేనని ఆయనకి గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.

రిపోర్టు మర్నాడు ఉదయం రాశాను. ఎంపిక చేసింది: నాలుగో నంబరు. పరీక్షలో వచ్చిన తేడా: ఐదు రాకెట్లూ ఒకే బరువుకీ ఒకే సమతూకానికీ రావడం. దాని కింద ‘కారణం’ అని ఒక గడి ఉంది. అందులో ‘మా నాన్న పనితనం’ అని రాసి సెక్రటరీగారి ముందు పెట్టాను.

ఆయన కలం మూత తీసి ఆగాడు. ఫైలు రేపు ఎవరైనా చూస్తారు, ‘పనితనం’ కొట్టేసి ‘జోక్యం’ అని రాస్తే పద్ధతిగా ఉంటుందేమో అన్నాడు.

“జోక్యమైతే చేతికి తేడా తెలిసేది సార్,” అన్నాను.

ఆయన కాసేపు కాగితం వంక చూశాడు. కాసేపు నా వంక చూశాడు. సంతకం పెట్టాడు.